తట్టలామె

పెనుకొండ దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన హోటలు అది. బెంగుళూరు కార్లన్నీ అక్కడే ఆగుతాయి. అనంతపురంలో ట్రైనింగు ముగించుకుని హిందూపురం తిరిగి వస్తూ మా స్కూలు టీచర్లం నలుగురం ఆకలికి ఆగాం. లోపల అడుగు పెట్టానో లేదో నా ఒళ్ళు భగ్గుమంది. గోడ నిండా కంచు కంచాలు. ఒక్కొక్కదానికి నడిమధ్యన చిల్లు పొడిచి, మేకు దించి, వరసగా బిగించారు. వాటి మీద పడేట్టు చిన్న చిన్న పసుపు లైట్లు. ఇక మా ముందు పెట్టినవేమో పువ్వుల బొమ్మలున్న ప్లాస్టిక్ లాంటి ప్లేట్లు.

మేనేజరును పిలిచాను.

"ఏమప్పా, గోడకుండే తట్టల్లో అన్నం పెట్టరా?"

అతను నవ్వాడు. "అవి డెకరేషన్ మేడమ్. యాంటిక్ పీసులు."

"డెకరేషనా? అన్నం తినే తట్టలప్పా అవి. నడుమ చిల్లు పొడిచినారే, ఇంగ జన్మలో వాటిల్లో చారు నిలుస్తాదా?"

"వాటిల్లో చారు ఎవరు పోస్తారు మేడమ్!"

ఎవరు పోస్తారట! నేను లేచి గోడ వెంబడి నడవడం మొదలుపెట్టాను. మా హెడ్‌మాస్టరు గొంతు తగ్గించి "మేడమ్, అందరూ చూస్తాండారు, కూర్చోండి" అన్నాడు. చూడనీ. పాత కంచాల అంచు మీద ఉలితో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టి ఉంటాయి. ఒక్కో పేరూ తల పైకెత్తి చదివాను. తిమ్మక్క ఉంది, నాగమ్మ ఉంది, ఎవరో మగమనిషి పేరు కూడా ఉంది. ఓబులమ్మ లేదు. ఓబులమ్మ మా అమ్మ. ఆమె కంచం కోసం మూడేళ్ళుగా ఇట్లాంటి గోడ ఎక్కడ కనిపించినా వెతుకుతున్నాను. ఆ పూట అక్కడ నేను అన్నం ముట్టలేదు.

అమ్మ కంచం సంగతి చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి. ఆమెను హిందూపురంలో తట్టలామె అనేవాళ్ళు. మా వైపు కంచాన్ని తట్ట అంటాం. అసలు పేరు నాకు తెలుసు గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే సరిగ్గా పలికేది కాదు, అందుకని రాయడం లేదు. భర్తది బజారులో సామాన్ల అంగడి. పాత కంచూ ఇత్తడీ తూకం వేసుకుని బదులుగా కొత్త స్టీలు సామాన్లు ఇవ్వడం ఆయన వ్యాపారం. ముందు అంగడి, వెనక ఇల్లు, నడుమ ఒక తలుపు. ఆ తలుపే ఆయన ప్రాణానికి శని. తక్కెడలో కంచు పడిన చప్పుడు వినిపిస్తే చాలు, వంటింట్లో ఏ పనిలో ఉన్నా ఆమె ఆ తలుపు తోసుకుని వచ్చేసేది.

నాకు ఆమె మొదటిసారి ఎదురైంది అట్లాగే. తొంభై మూడులో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, పెనుకొండ దగ్గర పల్లెలో. మొదటి జీతం చేతిలో పడగానే అమ్మకు ఏదన్నా చేయాలని ఒకటే ఆత్రం. అమ్మ ధర్మవరంలో మా అన్న దగ్గర ఉండేది, మగ్గాలకు దారం కండెలు చుట్టేది. పెళ్ళైనప్పటి నుంచి ఒకే కంచు కంచంలో తినేది. దాన్ని మా అవ్వ ఇచ్చింది. అప్పట్లో మా వీధిలో అందరిళ్ళల్లోనూ స్టీలు మెరుస్తుంటే మా ఇంట్లో మాత్రం ఆ మబ్బు రంగు కంచం నాకు నామోషీగా ఉండేది. ఒకరోజు అమ్మ కండెలు ఇచ్చి రావడానికి పోయిన సమయం చూసుకుని, కంచాన్నీ, రెండు కంచు గిన్నెలనూ, ఒక ఇత్తడి బిందెనూ గోతం సంచీలో వేసుకుని హిందూపురం ప్యాసింజరు ఎక్కాను. ధర్మవరంలో అంగళ్ళు లేక కాదు, అక్కడైతే ముందే అమ్మకు తెలిసిపోతుందని.

అంగడాయన కంచాన్ని తక్కెడలో పెట్టాడు. తలుపు తెరుచుకుంది. ముంజేతుల దాకా పిండి, కొప్పు సగం ఊడిన మనిషి, యాభై ఏళ్ళుంటాయి. వచ్చీ రావడంతోనే తక్కెడలోంచి కంచం తీసి, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో టక్కున కొట్టింది. అది మోగడం ఆగేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఎవురి తట్ట ఇది?"

"మా అమ్మదండీ."

"పోయిందా?"

"అయ్యో, లేదు. బాగుంది."

"బాగుండే మనిషి తట్ట ఈడికి ఎట్లొచ్చె? ఆయమ్మ ఇచ్చి పంపినాదా?"

"లేదండీ. చెప్పకుండా తెచ్చాను. స్టీలు సెట్టు తీసుకుపోయి ఇస్తే సంతోషపడుతుందని."

"అంటే దొంగతనం" అంది. అంగట్లో పదిమంది ఉన్నారు. పదిమందీ నా వైపు చూశారు.

"నేను టీచర్నండీ" అన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో నాకే తెలియదు.

"టీచర్లు దొంగతనం చేయకూడదని ఏమన్నా రూలుండాదా? ఇంటికి తీస్కపో తల్లీ. ఇట్లా మోగే తట్ట ఇంగ యాడా దొరకదు. మీ అమ్మను అడిగి, ఆయమ్మ సరేనంటే అప్పుడు రా."

భర్త తలపట్టుకున్నాడు. "ఏయ్, నువ్వు లోపలికి పో. వచ్చిన గిరాకీనంతా తరుముతాండావు. అంగడి మూయించి గాని నిద్రపోవా?"

"నువ్వుండు" అని ఆయన్ని అక్కడే ఆపేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరీమె, నాకూ మా అమ్మకూ మధ్య? ఇరవై నాలుగేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, ఒళ్ళంతా పొగరు. "మా వస్తువు, మా ఇష్టం. మీకు కుదరకపోతే ఇంకో అంగడికి పోతాను" అన్నాను. ఆమె కంచం అంచును కొంగుతో తుడిచి, తక్కెడలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఆరు స్టీలు కంచాలు తీసుకుని, ఆరింటి మీదా మిషనుతో అమ్మ పేరు కొట్టించుకుని రైలెక్కాను.

అమ్మ ఆ కంచాల్లో ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుండాది పాపా. మెరుస్తాంది" అంది. పాతదాని సంగతి అడగలేదు. అన్నీ తుడిచి అటక మీద బోర్లించింది. ఆ రోజు నుంచి ఆమె సత్తు గిన్నెలో తినడం మొదలుపెట్టింది. అదేందమ్మా అంటే, "వచ్చినోళ్ళకు ఉంటాయిలే, నాకు చెయ్యి అలవాటు కాలేదు" అనేది. నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. మంచి చేసినా తెలియని మనిషి అని మా వదినతో అన్నాను కూడా.

రెండేళ్ళకు హిందూపురం ట్రాన్స్‌ఫరయింది. అద్దెకు గది వెతుకుతుంటే ఎవరో బజారు వెనక వీధి నుంచి తీసుకెళ్ళి ఒక మేడ మీది గది చూపించారు. ఇంటామె తలుపు తీసింది. చూస్తే తట్టలామె. వెనక్కి తిరిగి పోదామనుకునే లోపలే గుర్తుపట్టేసింది.

"తట్ట అమ్ముకున్న టీచరమ్మ గదా? రా, గది చూస్తువుగాని. నీళ్ళు పొద్దున్నే పట్టుకోవాల, చెప్తాండా."

ఆ ఇంట్లో నేను పదకొండేళ్ళున్నాను.

చేరిన రోజు భోజనానికి కిందికి పిలిచింది. వంటింట్లో నేల మీద నలభై దాకా కంచు కంచాలు దొంతరగా ఉన్నాయి. కరిగించడానికి పోయే పాత సామాన్లలోంచి మంచివి కనిపిస్తే ఆమె పక్కకు లాగేసేది. అందుకు బదులు తన పుట్టింటి ఇత్తడి సామాన్లు ఒక్కొక్కటే తూకానికి వేసిందని తర్వాత తెలిసింది. దొంతర పైనుంచి ఒక కంచం తీసి నా ముందు పెట్టింది. అంచు మీద ఎవరిదో పేరు. నా చెయ్యి వెనక్కి పోయింది.

"ఎవరిది పెద్దమ్మా ఇది?"

"తిమ్మక్కది. నాకూ తెలీదు ఎవురో. తిను."

"ఎవరో తిన్న తట్టలో ఎట్లా తినేది? బతికి ఉందో లేదో కూడా తెలియదు."

"హోటలుకు పోయి దోసె తింటావు గదా, ఆ ప్లేటు నీ కోసరమే పుట్టిందా? ఆడ ఎంగిలి అంటదు, ఈడ అంటుతాదా? చింతపండేసి నా చేత్తో తోమినా. తిను, చల్లారిపోతాంది."

తిన్నాను. కోపంతోనే తిన్నాను. చిత్రాన్నం ఆ కంచంలో చాలాసేపు వేడి తగ్గలేదని మాత్రం గమనించాను.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. తినే కంచం పైనుంచి తీయాలి, తోమిన కంచం అడుగున పెట్టాలి. అట్లా ప్రతి కంచానికీ వరసగా వంతు వచ్చేది. మంచివి, మామూలువి అని లేదు. అల్లుడొచ్చినా, అయ్యగారొచ్చినా, అంగడి సామాన్లు లాగే తోపుడుబండి హుసేనప్ప వచ్చినా పైన ఏది ఉంటే అది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేముందు కంచం మీది పేరు చదివి, "నాగమ్మా, తింటాండామమ్మా" అనేది, పక్కింటామెకు చెప్పినట్టు. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నాకు తెలియకుండానే నేనూ అనేదాన్ని.

బజారులోని మిగతా అంగళ్ళవాళ్ళ ఆడవాళ్ళు ఇది చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. హుసేనప్ప తిన్న కంచంలోనే రేపు మనకు పెడుతుందట అని ఒకామె నా ముందే అంది. నేను వచ్చి చెప్పాను. తట్టలామె పొయ్యి ముందు నుంచి లేవనైనా లేవలేదు. "ఆయమ్మకు చెప్పు. హుసేనప్ప తిన్న తట్ట తోమే పని ఉండదు, అంత శుభ్రంగా తింటాడు. ఆయమ్మ సగం వదిలేసి పోతాది" అంది. ఆ మాట నేను చెప్పలేదు గాని బజారంతా ఎట్లాగో తెలిసిపోయింది.

పెద్దకొడుకు మామగారివాళ్ళు బెంగుళూరు నుంచి భోజనానికి వచ్చిన రోజు ఇంకా గుర్తుంది. కొడుకు ముందురోజే కొత్త డిన్నర్ సెట్టు తెచ్చి పెట్టాడు. "అమ్మా, ఈ ఒక్కపూట నా మాట విను. వాళ్ళ ముందర ఆ పాత బోకులు పెట్టి నా పరువు తీయొద్దు" అని బతిమాలాడు. సరేనంది. సరేనని, వాళ్ళు కూర్చోగానే దొంతర పైనుంచి వరసగా ఆరు కంచాలు తీసి వేసింది. కొడుకు మొహం మాడిపోయింది. తీరా చూస్తే ఆ వియ్యపురాలు మురిసిపోయింది! కంచాన్ని ఎత్తి చూసి, "అయ్యో, ఎంత బాగుండాయి! మా ఫ్రెండ్స్ ఇండ్లల్లో ఇట్లాంటివి షోకేసులో పెడతారండి. మాకు రెండు ఇస్తే హాల్లో పెట్టుకుంటాం" అంది.

నేను వడ్డిస్తున్నాను. తట్టలామె చేతిలో ఓళిగల పళ్ళెం ఉంది, బొబ్బట్లను మేం అట్లా అంటాం.

"షోకేసులో పెట్టేదానికా?"

"ఊఁ. లైటు వేస్తే ఎంత అందంగా ఉంటాయో."

"అట్లయితే ఇయ్యనమ్మా. నీ ఇంట్లో నువ్వు దీంట్లో రోజూ తింటానంటే చెప్పు, ఆరూ కట్టిస్తా. మాట్లాడే మనిషిని అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి చూస్తామా? తట్టకు పని అన్నం పెట్టుకోవడం. పని చేసుకోనీండి దాన్ని."

ఓళిగ మీద నెయ్యి మాత్రం మామూలుకంటే రెండింతలు వేసింది. ఆ నెయ్యితో ఆ పూట ఎట్లాగో గట్టెక్కింది. కొడుకు మాత్రం ఆ రోజు నుంచి తల్లితో సరిగ్గా మాట్లాడలేదు.

కంచు కింద పడితే పగులుతుంది. ఒకసారి ఆమె చేతిలోంచే ఒకటి జారి రెండు ముక్కలైంది. కోడలు ఇక ఏడుపే అనుకుంది. ఆమె ముక్కలు రెండూ ఏరి, పేరు చదివి, "బాగా చేసినావు సుబ్బన్నా, నీ పని అయిపోయింది. పోయి గిన్నెగా పుట్టు" అని తానే తీసుకెళ్ళి అంగట్లో పాత సామాన్ల గుట్టలో వేసింది. వాడుతూ పగిలితే ఆమెకు బాధ లేదు. వాడకుండా దాస్తేనే కోపం.

ఇక మా అమ్మ కంచం. చేరిన వారానికే దొంతరలో కనిపించింది. బొటనవేలు పెట్టే చోట అరిగిపోయి ఓబులమ్మలో చివరి అక్షరం సగమే ఉంటుంది. ఎట్లా మరిచిపోతాను?

"పెద్దమ్మా, ఇది మా అమ్మది!"

"తెలుసు. నువ్వు పోయినాక నేనే తీసి పెట్టినా."

"నాకు ఇచ్చేయండి. స్టీలు ఆరూ వాపసు తెచ్చిస్తాను. పైన దుడ్లు ఎంతైనా ఇస్తాను."

"నీ స్టీలు ఎవురికి కావాల? నీ దుడ్లు ఎవురికి కావాల? తట్ట నీది కాదు. దాని మనిషి వచ్చి అడిగితే ఇస్తా. మీ అమ్మను పిల్చుకోనిరా."

మొండి మనిషి! ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అంతటితో ఊరుకుందా? నేను కింద భోజనానికి కూర్చున్నప్పుడు దొంతర పైన మా అమ్మ కంచమే ఉంటే, దాన్ని పక్కన పెట్టి కింది దాన్ని నాకు వేసేది. "ఇది నీకు కాదు" అనేది. హుసేనప్ప తిన్నాడు మా అమ్మ కంచంలో. కళాయి పూసేవాడు తిన్నాడు. కరెంటు బిల్లు కొట్టేవాడు తిన్నాడు. "ఓబులమ్మా, తింటాండామమ్మా" అని ఊళ్ళోవాళ్ళంతా తిన్నారు, కన్నకూతురికి తప్ప. నా కడుపు మండిపోయేది. ఒకరోజు ఆ కోపంలో భోజనం మధ్యలో లేచి పైకి వెళ్ళిపోయాను. నా వెనకే మెట్లెక్కి వచ్చి, మిగిలిన అన్నం గిన్నెలో పెట్టి గుమ్మం ముందు పెట్టింది. "కోపం నా మీద, అన్నం మీద కాదు" అని దిగిపోయింది.

అమ్మను పిలుచుకు రావచ్చు. ఒక్క రైలు ప్రయాణం. కానీ పిలుచుకొస్తే ఏమని చెప్పాలి? నువ్వు రోజూ తినే కంచాన్ని నీకు చెప్పకుండా ఎత్తుకుపోయాను, ఇప్పుడు అది ఇంకొకరింట్లో ఉంది, వచ్చి అడుక్కో అనా? రెండేళ్ళు అట్లాగే గడిపాను.

తట్టలామె రెండువేల ఆరులో పోయింది. దినాలకు మేడ దిగి పోయాను. నలభై కంచాల ఇంట్లో, పెద్దకర్మ భోజనాలు థర్మాకోల్ ప్లేట్లలో పెట్టారు! పప్పుచారు పోస్తే వంగిపోయే ప్లేట్లు. తిన్నవాళ్ళు తిన్నట్టే వీధిలో పారేశారు, గాలికి అవి బజారంతా దొర్లాయి. నేను కొడుకును పట్టుకుని అడిగాను.

"ఎవరు తోముతారు టీచర్, ఇంతమందికి? చింతపండు పెట్టి తోమమంటే పనామె మానేస్తానంటాంది."

"అమ్మ తోమలేదా అన్నేళ్ళు?"

"అమ్మకు పనేముంది టీచర్" అన్నాడు. ఇంకా నయం, ఆ మాట వినడానికి ఆమె లేదు.

నెల తిరక్కుండా బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి కంచాలన్నీ గోతాలకెత్తుకుని పోయారు. హోటళ్ళకు ఇస్తారట అలంకారానికి. నేను స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో ఆ మూల ఖాళీ. అక్కడ ఇప్పుడు ఫ్రిజ్జు పెట్టారు. నేను ఆ నెలలోనే గది ఖాళీ చేశాను. గోడల మీద అమ్మ పేరు వెతకడం అప్పటి నుంచే.

మా అమ్మ అంతకు మూడేళ్ళ ముందే పోయింది. అప్పుడన్నా ఆ కంచం అడిగి తీసుకోవచ్చు కదా అని మా వాళ్ళు ఇప్పటికీ తిడతారు. తట్టలామె అప్పటికి ఇచ్చేదే, కాదనేది కాదు. నాకే నోరు రాలేదు. తొంభై ఏడులో జరిగింది గుర్తుంటే నోరు ఎట్లా వస్తుంది?

ఆ ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చింది. కబురు తెలిసి అమ్మ పొద్దున రైలుకే దిగింది. మధ్యాహ్నం తట్టలామె అమ్మను కిందికి పిలిచింది. నేను గంజి తాగి గోడకు ఆనుకుని కూర్చున్నాను. దొంతర పైన వేరే కంచం ఉంది. ఆమె దాన్ని తీయలేదు. జీవితంలో మొదటిసారి తన పద్ధతి తానే తప్పి, నడుమ నుంచి అమ్మ కంచాన్ని లాగింది. సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి నెయ్యి పోసి, పక్కన చెనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, వేసి అమ్మ ముందు పెట్టింది.

అమ్మ చెయ్యి కడుక్కుని కూర్చుంది. బొటనవేలు తనంతట తానే ఆ అరిగిన చోటికి పోయింది. అక్కడ ఆగింది. తల వంచి పేరు చూసింది. ఎవరి మొహమూ చూడలేదు. తినడం మొదలుపెట్టింది. పరాయి ఇంట్లో రెండోసారి వడ్డించుకోని మా అమ్మ, "ఇంగ రవ్వంత సంగటి పెట్టక్కా" అని అడిగి మరీ పెట్టించుకుంది. నాలుగేళ్ళుగా సత్తు గిన్నెలో అరముద్ద తిని లేచే మనిషి. చెయ్యి అలవాటు కాలేదంటే నేను నమ్మాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉంటుందా?

తిన్నాక తట్టలామె వద్దంటున్నా వినకుండా అమ్మే కంచం తోమింది. తన పైట కొంగుతో తుడిచింది. నేను అప్పటికే లేచి, జ్వరం కాళ్ళతోనే పైకి పోయి గుడ్డసంచీ తెచ్చుకుని నిలబడ్డాను. రెండేళ్ళ పట్టుదల, ఇక ఆమె ఎట్లా కాదంటుందో చూద్దామని.

"తీస్కపోమ్మా. నీదే. నీ కోసరమే పెట్టినా" అంది తట్టలామె. ఆమె గొంతు అంత మెత్తగా నేను ఎప్పుడూ వినలేదు.

నేను సంచీ మూతి తెరిచి పట్టుకున్నాను. అమ్మ కంచాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసుకుంది. తర్వాత వంగి, దొంతర అడుగున పెట్టింది.

"ఈడనే ఉండనీలేక్కా. ఎప్పుడన్నా వచ్చి తినిపోతా. ఇంటికి తీస్కపోతే మా పాప ఊరికే ఉండదు. నాకేదో మంచి చేయల్లని మళ్ళా మార్చుకోనొస్తాది."

అమ్మ ఆ మాట నవ్వుతూనే అంది. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని.